కోడ్ సెన్సార్ పేరు మీద, జబ్బు వైరులో

ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లే దారిలో కారు మీటర్ బోర్డు మీద పసుపురంగు ఇంజన్ బొమ్మ వెలిగిందంటే, ఆ తర్వాత జరిగేది కార్లున్న వాళ్లలో చాలామందికి అనుభవమే. షెడ్‌కి తీసుకెళ్తారు, స్కానర్ పెడతారు, ఏదో ఒక సెన్సార్ పేరుతో కోడ్ వస్తుంది, "సెన్సార్ పోయింది సార్, మార్చాలి" అంటారు, మారుస్తారు, కోడ్ తుడిచేస్తారు, లైటు ఆరిపోతుంది. మూడు రోజులకో, మొదటి వానకో అదే లైటు మళ్లీ వెలుగుతుంది. పాత సెన్సార్ అప్పటికే చెత్తలో పడి ఉంటుంది. ఎలక్ట్రికల్ పార్టు ఒకసారి అమ్మాక వాపసు తీసుకునే షాపులు తక్కువ కాబట్టి కొత్తదాని డబ్బులు కూడా పోయినట్టే.

స్కానర్ అబద్ధం చెప్పలేదు. అది చెప్పిందాన్ని సగమే చదివారు, అంతే. పీ0118 అనే కోడ్‌ని తీసుకోండి. షెడ్లలో దీన్ని కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ సెన్సార్ కోడ్ అనేస్తారు. కానీ ఆ కోడ్ అసలు అర్థం, ఆ సెన్సార్ సర్క్యూట్‌లో వోల్టేజ్ ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉంది అని. సర్క్యూట్ అన్నప్పుడు సెన్సార్, దాని కప్లర్ (వైరుని సెన్సార్‌కి తగిలించే ప్లగ్గు), కప్లర్‌లోని పిన్నులు, అక్కడి నుంచి ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ అయిన ఈసీఎం దాకా వెళ్లే వైరు, మధ్యలో ఉండే జాయింట్లు, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగెళ్లే దారి), ఈసీఎం లోపలి భాగం, అన్నీ అందులోకే వస్తాయి. వీటిలో ఏది చెడినా కోడ్ మాత్రం సెన్సార్ పేరు మీదే వస్తుంది, ఎందుకంటే ఈసీఎంకి తన పిన్ను దగ్గరున్న వోల్టేజ్ తప్ప ఇంకేమీ కనపడదు.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే చేతిలో వోల్టేజ్, రెసిస్టెన్స్ కొలిచే మల్టీమీటర్ ఎందుకు ఉండాలో అర్థమవుతుంది. ఈసీఎం చూస్తున్న ఆ వోల్టేజ్‌నే మీరు కూడా చూడవచ్చు, పైగా వైరు పొడుగునా ఎక్కడ కావాలంటే అక్కడ చూడవచ్చు.

కూలెంట్ సెన్సార్‌కి సాధారణంగా రెండు వైర్లు ఉంటాయి. లోపల ఉండేది వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే చిన్న ముక్క. చాలా కార్లలో వాడే రకానికి 20 డిగ్రీల దగ్గర దాదాపు 2500 ఓమ్‌లు, 50 డిగ్రీల దగ్గర 830, 80 డిగ్రీల దగ్గర 320 చుట్టూ ఉంటుంది. ఈసీఎం తన లోపలున్న ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, సెన్సార్ ఆ వోల్టేజ్‌ని ఎంత కిందికి లాగుతుందో చూస్తుంది. ఇంజన్ చల్లగా ఉంటే తక్కువ లాగుతుంది, వేడిగా ఉంటే ఎక్కువ లాగుతుంది. కప్లర్ ఊడదీస్తే లాగేవాళ్లే ఉండరు, సిగ్నల్ పిన్ను మీద పూర్తి 5 వోల్టులు నిలుస్తాయి, స్కానర్‌లో లైవ్ డేటా చూస్తే ఇంజన్ మైనస్ 40 డిగ్రీలు అని చూపిస్తుంది. మే నెల హైదరాబాద్‌లో మైనస్ 40 కనపడితే అది తెగిన వైరు భాష.

దీన్నే పరీక్షగా వాడుకోవచ్చు. స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి కప్లర్ పీకండి, మైనస్ 40 రావాలి. ఇప్పుడు వైరింగ్ వైపు కప్లర్‌లోని రెండు పిన్నుల్నీ సన్నని వైరు ముక్కతో కలపండి, రీడింగ్ ఒక్కసారిగా 130, 140 డిగ్రీల వైపు ఎగరాలి. రెండూ జరిగితే వైరు, ఈసీఎం దాదాపు బాగున్నట్టే, అప్పుడు సెన్సార్‌ని అనుమానించడంలో న్యాయం ఉంది. కలిపినా మైనస్ 40 దగ్గరే ఉండిపోతే కొత్త సెన్సార్ కొనడం దండగ, వైరు ఎక్కడో తెగింది. ఐదు నిమిషాల పని ఇది. కాకపోతే ఇది రెండు వైర్ల టెంపరేచర్ సెన్సార్లకు మాత్రమే. మూడు వైర్లున్న సెన్సార్ కప్లర్‌లో 5 వోల్టుల పిన్నుని దేనితోనూ కలపకూడదు.

అసలు బాధపెట్టేది పూర్తిగా తెగిన వైరు కాదు, సగం చెడిన వైరు. కప్లర్‌లో నీళ్లు చేరి పిన్నుకి ఆకుపచ్చ చిలుము పట్టిందనుకోండి, అది 500 ఓమ్‌ల అడ్డంకి అయి కూర్చుందనుకోండి. ఇంజన్ నిజంగా 80 డిగ్రీల దగ్గరుంది, సెన్సార్ సరిగ్గా 320 ఓమ్‌లే చూపిస్తోంది, కానీ దారిలో 500 కలవడంతో ఈసీఎంకి 820 కనపడుతుంది. దాని లెక్కలో అది 50 డిగ్రీల ఇంజన్. ఈసీఎం లోపలి రెసిస్టర్ 2200 ఓమ్‌లు అనుకుని లెక్కవేస్తే, 0.64 వోల్టులు ఉండాల్సిన చోట 1.36 ఉంటుంది. ఇది అసాధ్యమైన వోల్టేజ్ కాదు కాబట్టి సర్క్యూట్ కోడ్ రాదు. ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీఎం పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజ్ పడిపోతుంది. ఇంజన్ నిజంగా 100 డిగ్రీలు దాటినా ఈసీఎంకి 60 లోపే కనపడుతుంది కాబట్టి ఫ్యాన్ తిరగాల్సిన సమయానికి తిరగదు. ఏసీ వేసి ఉంటే దానికోసమైనా ఫ్యాన్ తిరుగుతుంది కాబట్టి ఈ తేడా బయటపడదు, ఏసీ ఆపి పంజాగుట్ట ట్రాఫిక్‌లో పావుగంట ఇరుక్కున్న రోజు బయటపడుతుంది. కొన్ని రోజులకు పీ0128 వచ్చినా రావచ్చు. ఇంజన్ తగినంత వేడెక్కడం లేదని చెప్పే కోడ్ అది, దాన్ని చూసి కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ వాల్వ్ మార్చేస్తారు. వాల్వ్ బాగుంది, సెన్సార్ బాగుంది. చెడింది ఒక పిన్ను.

ఈ తరహా జబ్బులు మన ఊళ్లో ఇన్ని ఎందుకంటే, కారణాలు కళ్లముందే ఉన్నాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలు మొదటిది. రాత్రిపూట వెచ్చగా ఉండే ఇంజన్ మీదికెక్కి అవి వైర్ల తోలు కొరికేస్తాయి, కొన్నిసార్లు రాగి తీగల్లో ఒకటి రెండు మాత్రం మిగులుస్తాయి. వాన రెండోది. 2020 అక్టోబర్ వానలకు టోలీచౌకి నదీం కాలనీ లాంటి చోట్ల కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి కారుని కడిగి ఆరబెట్టి స్టార్ట్ చేస్తే నడుస్తుంది కూడా, కానీ వైరు తోలు లోపల తీగల మధ్య సందుల్లోకి పాకిన తేమ నెలల తర్వాత చిలుముగా బయటపడుతుంది. కారు కడిగేటప్పుడు ప్రెషర్ గన్‌ని నేరుగా కప్లర్ల మీద కొట్టడం ఇంకో కారణం. సీట్ కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, ఫాగ్ లాంపులు బిగించే షాపుల్లో కంపెనీ వైరుని గీకి, దానికి ఇంకో వైరు మెలిపెట్టి, టేపు చుట్టేసే పద్ధతి నాలుగోది. ఎండాకాలంలో బానెట్ కింది వేడికి ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది, జాయింట్ బయటపడుతుంది.

దీనికితోడు కార్లలో సెన్సార్లు కూడా పెరుగుతూ వచ్చాయి. 2010 ఏప్రిల్‌లో బీఎస్ 4 అనే పొగ కాలుష్య ప్రమాణం ముందుగా అమలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి, 2013లో కారు తన లోపాల్ని తానే పసిగట్టే ఓబీడీ 2 పద్ధతి వచ్చింది, 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చింది. ప్రతి మెట్టులోనూ ఇంజన్ చుట్టూ సెన్సార్లు, వైర్లు, కప్లర్లు ఎక్కువయ్యాయి.

మీటర్ విషయానికొస్తే ఖరీదైనది అక్కర్లేదు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు డిజిటల్ మీటర్ చాలు, వోల్టేజ్ రేంజిలో 10 మెగాఓమ్‌ల ఇంపెడెన్స్ (మీటర్ లోపలి రెసిస్టెన్స్) ఉండి, కనిష్ఠ గరిష్ఠ రీడింగులు పట్టుకునే బటన్ ఉంటే ఇంకా మేలు. ఒక్క ప్రమాదం మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఎర్ర లీడు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా వోల్టేజ్ కొలవడానికి బ్యాటరీ మీద పెడితే అది షార్ట్ చేసినట్టే, నిప్పురవ్వలు వస్తాయి, మీటర్ ఫ్యూజ్ పోతుంది, ఫ్యూజ్ లేని చవక మీటరైతే చేతిలోనే కాలుతుంది. ఇంకా, ఎయిర్‌బ్యాగ్‌ల పసుపు కప్లర్ల జోలికి ఓమ్ రేంజితో అస్సలు పోకూడదు, మీటర్ పంపే కొద్దిపాటి కరెంటుకే బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల నారింజ రంగు కేబుళ్లు ఇంటి దగ్గర ముట్టుకోవలసినవి కావు.

ఇక చాలామంది పొరపడే చోటు బీప్. మీటర్‌ని కంటిన్యుటీలో, అంటే దారి ఉంటే బీప్ కొట్టే రేంజిలో, పెట్టి వైరుకి ఆ చివర ఒక లీడు, ఈ చివర ఒక లీడు పెడతారు, బీప్ వస్తుంది, "వైరు ఓకే" అంటారు. చాలా మీటర్లు 30, 50 ఓమ్‌ల లోపు ఏముందన్నా బీప్ కొట్టేస్తాయి. పైగా కొలిచేటప్పుడు మీటర్ ఆ వైరులో పంపేది అతి స్వల్పమైన కరెంటు. ఇరవై తీగల వైరులో పంతొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా ఆ కరెంటుకి దారి దొరుకుతుంది. ఎండిన పైపులోకి గాలి ఊది దారి ఉందని తేల్చడం లాంటిదిది, కుళాయి తిప్పాక నీళ్లు ధారగా వస్తాయో లేదో దానివల్ల తెలియదు.

వోల్టేజ్ కొలిచినా ఇదే మోసం జరగవచ్చు. కప్లర్ పీకేసి సప్లయ్ పిన్ను మీద మీటర్ పెడితే 12 వోల్టులు నిక్షేపంగా చూపిస్తుంది. 10 మెగాఓమ్‌ల మీటర్ 12 వోల్టుల దగ్గర లాగే కరెంటు 1.2 మైక్రోఆంపియర్లు. వైరులో 5 ఓమ్‌ల అడ్డంకి ఉన్నా ఆ కరెంటుకి పడిపోయేది 6 మైక్రోవోల్టులు, అది ఏ మామూలు మీటర్‌కీ కనపడదు. అదే వైరు చివర 5 వాట్ల బల్బు పెట్టి చూడండి. బల్బు దాదాపు 0.4 ఆంపియర్లు లాగుతుంది, అదే 5 ఓమ్‌ల దగ్గర ఇప్పుడు 2 వోల్టుల చుట్టూ పడిపోతుంది, బల్బు మసకబారుతుంది. వైరు మారలేదు, దానికి పని చెప్పాం, అంతే తేడా. పని చేస్తున్నప్పుడే వైరుని కొలవాలి అన్నది ఈ మొత్తం విద్యలో మొదటి పాఠం, మన దగ్గర ఎక్కువగా వదిలేసేది కూడా అదే.

అయితే బల్బుని ఎక్కడంటే అక్కడ పెట్టకూడదు. ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సప్లయ్ లాంటి, ఫ్యూజ్ నుంచి నేరుగా వచ్చే 12 వోల్టుల లైన్లకు పర్వాలేదు. ఈసీఎం నుంచి వచ్చే 5 వోల్టుల లైనుకీ సిగ్నల్ లైనుకీ బల్బు తగిలిస్తే ఈసీఎం లోపలి సర్క్యూట్ పోయే ప్రమాదం ఉంది, అప్పుడు వెయ్యి రూపాయల సమస్య వేలకు వేలు అవుతుంది. ఆ వైర్లని బల్బుతో పరీక్షించాలంటే బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీఎం కప్లర్, సెన్సార్ కప్లర్ రెండూ ఊడదీసి, ఒంటరిగా మిగిలిన ఆ వైరు గుండా విడిగా ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఫ్యూజ్ పెట్టి బల్బు వెలిగించి చూడాలి.

అంత అవసరం లేని సులువైన దారి కప్లర్ తగిలించి ఉంచి, వెనక నుంచి సన్నని గుండుసూది పిన్నుని తాకేదాకా జొనిపి, ఇంజన్ నడుస్తుండగా కొలవడం. మూడు వైర్ల సెన్సార్‌లో చూడాల్సినవి మూడే, 5 వోల్టుల సప్లయ్, ఎర్త్, సిగ్నల్. మీటర్ నల్ల లీడు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీదే ఉంచండి, దగ్గర్లో దొరికిన బాడీ బోల్టు మీద కాదు, ఎందుకంటే ఆ బోల్టు ఎర్త్ బాగుందో లేదో కూడా ఇంకా తేలలేదు. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేసి ఉంచండి. సెన్సార్ ఎర్త్ పిన్ను మీద రీడింగ్ 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిది, 100 దాటితే వెతకాలి.

ఇక్కడ రెండు రీడింగుల్ని పక్కపక్కన పెట్టి చదవడం నేర్చుకుంటే చాలా తిరుగుడు తప్పుతుంది. ఎర్త్ పిన్ను మీద 0.3 వోల్టులు వచ్చిందనుకుందాం. సప్లయ్ పిన్ను మీద 5.3 ఉంటే, మొత్తం ఈసీఎమ్మే 0.3 పైకి లేచి కూర్చుందని అర్థం, అంటే ఈసీఎం ఎర్త్ వైరు లేదా ఇంజన్ నుంచి బ్యాటరీకి వెళ్లే ఎర్త్ పట్టీ చూడాలి. సప్లయ్ సరిగ్గా 5.0 ఉండి ఎర్త్ మాత్రమే 0.3 ఉంటే, ఈసీఎం బాగుంది, సెన్సార్ల ఎర్త్‌లన్నీ కలిసే జాయింట్ వైరింగ్ లోపల ఎక్కడో చెడింది. అన్ని సెన్సార్లూ కలిసి ఆ జాయింట్ గుండా 10 మిల్లీఆంపియర్లు పంపుతున్నాయనుకుంటే, 0.3 వోల్టులు పడాలంటే అక్కడ 30 ఓమ్‌ల అడ్డంకి ఉండాలి. బీప్ పరీక్షలో ఆ 30 ఓమ్‌లకు చాలా మీటర్లు మోగుతాయి, వైరు బాగుందనే చెబుతాయి. కారులో మాత్రం ఆ జాయింట్‌ని పంచుకునే సెన్సార్లన్నీ ఒకేసారి కొద్దికొద్దిగా తప్పు చెబుతుంటాయి. సంబంధం లేని రెండు మూడు సెన్సార్లు ఒకే వారంలో చెడిపోయాయని ఎవరైనా చెబితే, అవి పంచుకునే ఎర్త్, అవి పంచుకునే 5 వోల్టుల లైను, ఈ రెండూ చూడకుండా ఒక్కటీ కొనకండి.

5 వోల్టుల లైను సంగతీ అంతే. ఈ లైను వోల్టేజ్ తేడాగా ఉందని చెప్పే పీ0641 లాంటి కోడ్ వచ్చి, సప్లయ్ పిన్ను మీద 5 బదులు 1 వోల్టో సున్నానో కనపడితే, ఆ లైను మీదున్న ఏదో ఒక సెన్సార్ లోపల షార్ట్ అయి మిగతావాటి సప్లయ్‌ని కూడా మింగేస్తోంది, లేదా వైరు తోలు ఊడి ఇంజన్ లోహానికి తగులుతోంది. మీటర్‌ని ఆ లైను మీద ఉంచి సెన్సార్ కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ పోండి. ఏ కప్లర్ తీయగానే 5 వోల్టులు తిరిగొస్తాయో దొంగ అక్కడ ఉన్నాడు. అన్నీ తీసినా రాకపోతే వైరు చూడాలి, వైరు కూడా బాగుంటేనే ఈసీఎం మాట ఎత్తాలి.

సిగ్నల్ విషయంలో ఊరు కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల చుట్టూ ఎత్తులో ఉంది, కాబట్టి ఇక్కడ గాలి ఒత్తిడి 101 కిలోపాస్కల్స్ ఉండదు, దాదాపు 95 ఉంటుంది. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సార్ రీడింగ్ చూస్తే స్కానర్‌లో 95 దరిదాపుల్లో రావాలి. మాన్యువల్‌లో సముద్రమట్టానికి రాసిన అంకె పట్టుకుని "తక్కువ చూపిస్తోంది, సెన్సార్ వీక్ అయింది" అనడం తప్పు. వైజాగ్‌లో 101 సరైనదే, ఇక్కడ 101 చూపిస్తేనే అనుమానించాలి.

గాలి దారి మూత (థ్రాటిల్) ఎంత తెరుచుకుందో చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్‌కి మీటర్ పెట్టి థ్రాటిల్‌ని నెమ్మదిగా తెరుస్తూ పోతే 0.5 వోల్టుల దగ్గర మొదలై 4.5 వైపు ఎక్కడా తొట్రుపడకుండా పెరగాలి. మధ్యలో ఒక్క క్షణం సున్నాకి పడి లేచే జర్క్‌ని మామూలు మీటర్ అంకెలు పట్టుకోలేవు, కనిష్ఠ గరిష్ఠ బటన్ అందుకే. ఇంజన్ తిరుగుడుని పట్టే క్రాంక్ సెన్సార్ దగ్గర మీటర్‌కి హద్దు వచ్చేస్తుంది. రెండు వైర్ల అయస్కాంత రకానికి చాలా కార్లలో 500 నుంచి 1500 ఓమ్‌ల మధ్య వస్తుంది, సెల్ఫ్ కొడుతుండగా ఏసీ వోల్టుల రేంజిలో కాస్త వోల్టేజ్ కనపడుతుంది, అంతవరకే. మూడు వైర్ల హాల్ రకానికి, రెండే వైర్లున్న కొత్తరకం ఏబీఎస్ వీల్ సెన్సార్లకు ఓమ్ పరీక్షే లేదు, అందులో వచ్చే అంకెకి అర్థం ఉండదు. వాటి సిగ్నల్ ఆకారం చూడాలంటే వోల్టేజ్‌ని గీతగా చూపే ఆసిలోస్కోప్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లడమే మంచిది, కానీ సప్లయ్, ఎర్త్ మాత్రం ముందే ఇంటి దగ్గర కొలిచి వెళ్లవచ్చు.

ఒకేసారి డజను కోడ్లు వచ్చి, వాటిలో చాలావరకు యూ అక్షరంతో మొదలైతే అది సెన్సార్ల గొడవ కాదు, కారులోని కంప్యూటర్లు (మాడ్యూళ్లు) ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైనుది. బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగి స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే చాలా కార్లలో 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక వైపు తెగింది, సున్నా దగ్గర ఉంటే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుకున్నాయి. ఎలుకలు కొరికిన కార్లలో ఇది మొదటే చూడదగ్గ కొలత.

వచ్చిపోయే జబ్బుకి ఓపిక కావాలి. మీటర్‌ని సిగ్నల్ మీద ఉంచి, ఇంకొకరు వైరింగ్‌ని కప్లర్ నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు చొప్పున కదుపుతూ రావాలి, అంకె ఎక్కడ గెంతితే అక్కడ టేపు విప్పాలి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఒకసారి, కప్లర్ల మీద కాస్త నీళ్లు చిలకరించి ఒకసారి చూడాలి. ఇలా వెతికేటప్పుడు వైరు తోలుని ప్రోబుతో పొడవడం, కప్లర్ ముందువైపు నుంచి లావుపాటి ప్రోబు దూర్చడం, రెండూ కారుకి కొత్త జబ్బులు తెచ్చిపెట్టే పనులు. పొడిచిన రంధ్రంలోంచి తేమ వెళ్లి చిలుము పడుతుంది, ప్రోబుకి విచ్చుకున్న పిన్ను మళ్లీ బిగుతుగా పట్టదు. పిన్ను పట్టు తెలియాలంటే అదే సైజు మగ పిన్ను ఒకటి తెచ్చి దూర్చి లాగి చూడాలి, వదులుగా జారిపోతే మీటర్ ఏం చెప్పినా ఆ పిన్ను మార్చాల్సిందే.

తెగిన చోటు దొరికాక మెలిపెట్టి టేపు చుట్టడం రిపేరు కాదు. చిలుము పట్టిన తీగ నల్లగానో పచ్చగానో ఉన్నంతవరకు వెనక్కి కత్తిరించి, రాగి మెరిసే చోట అదే మందం వైరు జోడించి, సరైన క్రింప్ వేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ ఎక్కించాలి. పక్కపక్కనే ఉన్న రెండు మూడు వైర్లు తెగితే జాయింట్లన్నీ ఒకే చోట రాకుండా ముందూ వెనకా వేయాలి, ఎగ్జాస్ట్‌కి దూరంగా కట్టాలి. ఆ తర్వాత కోడ్ తుడిచి, అరగంట ట్రాఫిక్‌లో తిప్పి, ఇంజన్ బాగా వేడెక్కిన మీదట మళ్లీ అదే పిన్ను మీద, నల్ల లీడు బ్యాటరీ నెగటివ్ మీదే ఉంచి, హెడ్‌లైట్లు వేసి కొలవాలి. ముందు 0.3 ఉన్న చోట 0.02 కనపడితే బానెట్ దించవచ్చు.